ఉప్పునీటి ట్యాంకు అద్దం మీద ఊదారంగు నాచు: గీత పడకుండా గీకడంలో నా అనుభవం

అద్దం మీద గీతలు పెట్టేది చాలాసార్లు బ్లేడు కాదు, బ్లేడుకీ అద్దానికీ మధ్యలో ఇరుక్కున్న ఇసుక రేణువు. ఇది ఒక్కటి పట్టుబడితే సగం పని అయిపోయినట్టే.

ఉప్పునీటి ట్యాంకుల్లో రాయిలా అంటుకుపోయే ఊదా, గులాబీ రంగు నాచుని కోరలైన్ అంటారు. అది నిజానికి సున్నపు పొర. మోస్ స్కేలు (అంకె ఎక్కువున్నది తక్కువదాన్ని గీస్తుంది) మీద దాని గట్టిదనం 3 దరిదాపుల్లో ఉంటుంది. అద్దం సుమారు 5.5. కాబట్టి కోరలైన్ ఎంత మొండికేసినా దానంతట అది అద్దాన్ని గీయలేదు. పలుగురాయి ఇసుక మాత్రం 7. అరగొనైట్ అనే సున్నపు ఇసుక 3.5 నుంచి 4 కాబట్టి అది వేసుకున్నవాళ్లకు ముప్పు తక్కువ. విశాఖ, భీమిలి బీచ్ ఇసుక ఊరికే దొరుకుతుందని వేసేస్తుంటారు గానీ, అందులో పలుగురాయితో పాటు గార్నెట్ అనే గట్టి ఖనిజం కూడా ఉంటుంది. రెండూ అద్దాన్ని కోసేవే.

మీది అక్రిలిక్ ట్యాంకు అయితే లోహపు బ్లేడు ఆలోచనే వద్దు. కాలం చెల్లిన ఏటీఎం కార్డు, ప్లాస్టిక్ బ్లేడు, అంతే. కింద రాసే బ్లేడు పద్ధతి గాజుకి మాత్రమే.

గోధుమరంగు దుమ్ములాంటి పాచి, పలుచటి పచ్చ పొర, అద్దానికి లోపలొకటి బయటొకటి అంటుకునే రెండు ముక్కల మ్యాగ్నెట్ క్లీనర్‌తో పోతాయి. చుక్కలుగా గట్టిపడిన పచ్చ నాచుకి ఏటీఎం కార్డు అంచు సరిపోతుంది. కోరలైన్‌కి స్టెయిన్‌లెస్ బ్లేడు ఉన్న స్క్రేపరే కావాలి.

గీకే ముందు వేవ్‌మేకర్, రిటర్న్ పంపు (నీళ్లని కదిలించే మోటార్లు) ఆపి పది, పదిహేను నిమిషాలు ఆగుతాను. నీళ్లలో తేలే ఇసుక కిందికి దిగాలి. ఈలోగా బ్లేడు అంచుని వెలుతురుకి అడ్డంగా పట్టి చూస్తాను. అంచులో చిన్న ముక్క విరిగినా, తుప్పు చుక్క కనబడినా పారేయడమే. ఆ విరిగిన చోటే గీత మొదలవుతుంది. బ్లేడు ఖరీదుకీ అద్దం ఖరీదుకీ పోలికే లేదు, ఇక్కడ పిసినారితనం పనికిరాదు.

బ్లేడుని అద్దానికి 30 నుంచి 45 డిగ్రీల కోణంలో, అంచు మొత్తం ఒకేసారి ఆనేలా పెట్టాలి. ఒక మూల ముందు ఆనిందంటే అది మేకులా దిగబడుతుంది. అంచుని పొర కిందికి దూర్చి నెట్టాలి. గట్టిగా నొక్కితే లాభం లేదు. కోణం కుదిరితే పొర పెచ్చులు పెచ్చులుగా ఊడొస్తుంది. వెనక్కి లాగేటప్పుడు బ్లేడుని అద్దం నుంచి ఎత్తాలి. మూలల్లో సిలికాన్‌కి వేలెడు దూరంలో ఆగిపోవాలి. అక్కడ బ్లేడు తగిలి సిలికాన్ తెగితే ఆ సందులో నాచు చేరుతుంది, తర్వాత లీకు. అక్కడ కార్డుతో గీకి వదిలేయడం నయం.

ఇసుక దగ్గరి రెండు మూడు సెంటీమీటర్లు అసలు గండం. అక్కడ పై నుంచి కిందికి నెట్టకూడదు. ముందు ఇసుకని చేత్తో కాస్త పక్కకి జరిపి, కింది నుంచి పైకి గీకాలి.

మ్యాగ్నెట్ క్లీనర్ అద్దం మందానికి సరిపోయేది కొనాలి. 12 మిల్లీమీటర్ల అద్దానికి చిన్న మ్యాగ్నెట్ పెడితే లోపలి ముక్క జారి ఇసుకలో పడుతుంది. చాలామంది బయటి ముక్కని దగ్గరికి పెట్టి దాన్ని పైకి లాగేస్తారు. దానికి పట్టిన ఇసుకంతా అలాగే అద్దం మీద ఊడ్చుకుంటూ వస్తుంది, ఒక్క లాగుడుకే చారలు. చెయ్యి పెట్టి తీయండి, కడగండి, ప్యాడ్‌ని వేలితో తడిమి చూసి మళ్లీ పెట్టండి. ఇంకోటి, మ్యాగ్నెట్‌ని ట్యాంకులోనే వదిలేస్తే దాని అంచుల మీదే కోరలైన్ పెరిగి, కింద రేణువులు ఇరుక్కుంటాయి. నేను పని అవగానే బయటికి తీసేస్తాను. పొర పట్టిన మ్యాగ్నెట్, పంపు భాగాలని సగం వెనిగర్, సగం నీళ్లలో గంటసేపు ఉంచితే బుడగలొచ్చి పొర మెత్తబడుతుంది.

వెనిగర్‌ని ట్యాంకు నీళ్లలో మాత్రం పోయకండి. పీహెచ్ పడిపోతుంది, బ్యాక్టీరియా విజృంభించి నీళ్లు తెల్లబడతాయి, చేపలకి ఆక్సిజన్ అందదు. నీళ్లు మార్చేటప్పుడు మట్టం దిగి బయటపడ్డ అద్దం వరకు, టిష్యూని వెనిగర్‌లో తడిపి పిండి పది నిమిషాలు అంటించి తుడవచ్చు.

గీకాక పంపులు వేస్తే పెచ్చులు నీళ్లని వడగట్టే దూదిలాంటి ఫిల్టర్ ఫ్లాస్‌లో చేరతాయి. కొన్ని గంటలకి ఫ్లాస్ మార్చేయాలి. స్క్రేపర్‌ని మంచినీళ్లతో కడిగి తుడిచి పెట్టాలి, స్టెయిన్‌లెస్ కూడా ఉప్పుకి తుప్పు పడుతుంది.

కోరలైన్ పూర్తిగా రాకుండా చేయాలంటే కుదరదు. పగడాలకి కావలసిన కాల్షియం, నీళ్లలోని కార్బొనేట్లని చెప్పే ఆల్కలినిటీయే దానికీ తిండి. పచ్చ నాచు మాత్రం తగ్గించొచ్చు. ఇంట్లో తాగే ఆర్‌వో నీళ్లలో టీడీఎస్ (కరిగిన లవణాల లెక్క) పదుల్లో ఉంటుంది. దాని తర్వాత మిగిలిన లవణాలని పట్టేసే డీఐ రెసిన్ పెట్టి సున్నాకి తెచ్చి, పచ్చ నాచుకి ఎరువైన ఫాస్ఫేట్‌ని 0.03 నుంచి 0.1 పీపీఎం మధ్య ఉంచితే, టర్బో, ట్రోకస్ నత్తలు మిగతాది చూసుకుంటాయి.

గీత పడిందా, నాచు చారా అని అనుమానముంటే గోటితో అడ్డంగా గీరి చూడండి. గోరు అక్కడ ఆగితే లోతైన గీతే. సీరియం ఆక్సైడ్ పొడి‌తో పాలిష్ చేయాలంటే ట్యాంకు ఖాళీ చేయాలి, పైగా ఒకేచోట అరిగి అవతలి దృశ్యం వంకరపడొచ్చు. లోపలి వైపు గీతలు నీళ్లు నిండాక సగం కనబడవు. నేనైతే ముట్టుకోను.