స్కూల్ నుంచి ఫోన్ వచ్చిన రోజు మొదలు

మేముండేది న్యూజెర్సీలో. గత ఏడాది అక్టోబర్‌లో ఒక మంగళవారం, ఆఫీసు మీటింగ్‌లో ఉండగా మా అమ్మాయి స్కూల్ నుంచి ఫోన్ వచ్చింది. "మీ అమ్మాయి నా గదిలోనే ఉంది, క్షేమంగా ఉంది, మీరు ఇప్పుడే రాగలరా" అంది కౌన్సెలర్. పదో తరగతి పిల్ల. జ్వరమేమో అనుకుంటూ వెళ్ళాను.

జ్వరం కాదు. చనిపోవాలని ఉందని తను ఫ్రెండ్‌కు మెసేజ్ పెట్టిందట. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుందట కూడా. ఆ ఫ్రెండ్ రాత్రంతా నిద్రపోకుండా, తెల్లారగానే నేరుగా కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళి ఫోన్ చూపించింది. వాళ్ళకు హెల్త్ క్లాసులో ఎస్ఓఎస్ (సైన్స్ ఆఫ్ సూసైడ్, అంటే ఆత్మహత్య సూచనలు) అనే పాఠం ఉంది. ఫ్రెండ్ ఇలా మాట్లాడితే తేలిగ్గా తీసుకోకు, నీ గురించి నాకు బెంగగా ఉందని చెప్పు, నమ్మకమున్న పెద్దవాళ్ళకు చెప్పెయ్, ఇంతే ఆ పాఠం. మా అమ్మాయి దాన్ని నమ్మకద్రోహం అనుకుని నెల రోజులు ఆ పిల్లతో మాట్లాడలేదు. ఆ ఒట్టు తప్పినందుకు ఆ పిల్లకు నేను జన్మంతా రుణపడి ఉంటాను.

నేను వెళ్ళేసరికే స్కూల్ సైకాలజిస్ట్ తనతో మాట్లాడి ఉన్నారు. ఆత్మహత్య ప్రమాదం ఎంతుందో అంచనా వేయడానికి కొలంబియా స్కేల్ అని ఒకటుంది, అందులో వరసగా కొన్ని ప్రశ్నలు ఉంటాయి. పడుకుని ఇక లేవకపోతే బాగుండు అనిపించిందా అని మొదలుపెట్టి, ఎలా చేయాలో ఆలోచించావా, ఎప్పుడైనా ప్రయత్నించావా అని నేరుగా అడుగుతారు. నాకు కోపం వచ్చింది. పసిపిల్లను ఇలాంటివి అడుగుతారా, లేని ఆలోచన పుట్టదా అన్నాను. అడిగినంత మాత్రాన ఆలోచన పుట్టదు, పరిశోధనలు కూడా అదే చెబుతున్నాయి, ఎవరైనా అడిగితే చాలామంది పిల్లలకు బరువు దిగినట్టు ఉంటుంది అని ఆవిడ నెమ్మదిగా చెప్పారు. నేను అమ్మాయి ముఖం చూశాను. నిజంగానే చాలా రోజుల తర్వాత ఏడుస్తోంది.

మన ఇళ్ళలో చావు మాట లేనిది ఎప్పుడు? "చస్తున్నా నీతో" అంటాను నేను, "నేను పోతే తెలుస్తుంది మీకు" అంటారు అత్తయ్య. ఇన్నిసార్లు ఆ మాట వాడుతూ, "నీకు చచ్చిపోవాలని అనిపిస్తోందా నాన్నా" అని పిల్లను కూర్చోబెట్టి అడగడానికి మాత్రం నాకు నోరు రాలేదు. ఆ రోజు కారులో మొదటిసారి తెలుగులో అడిగాను. "ఉంది అమ్మా, సమ్మర్ నుంచి" అంది. సమ్మర్ నుంచి.

ఆ సాయంత్రం ఇంటికి ఇద్దరు వచ్చారు. న్యూజెర్సీలో మొబైల్ రెస్పాన్స్ అని ఇలాంటి కష్టంలో ఉన్న పిల్లల కోసం ఒక సర్వీసు ఉంది, రాత్రయినా పగలయినా ఫోన్ చేస్తే మామూలుగా గంటలోపు ఇంటికే వస్తారు. ఆ నంబర్ కౌన్సెలరే ఇచ్చింది. మావారికి ఒకటే టెన్షన్: ఇది రికార్డులో పడుతుందా, కాలేజీకి అడ్డమా, గ్రీన్‌కార్డుకు అడ్డమా? కాలేజీలకు పంపే ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఇలాంటివి ఉండవని కౌన్సెలర్ చెప్పింది. గ్రీన్‌కార్డు సంగతి లాయర్‌ను అడుగుదాం, ఆ జవాబు వచ్చేదాకా పిల్ల వైద్యం మాత్రం ఆగదు అని నేనే గట్టిగా చెప్పాను.

అసలు ఆ గ్రీన్‌కార్డు కాగితాలు కూడా తన బాధలో ఒక భాగమని అప్పుడే తెలిసింది. నాలుగేళ్ళప్పుడు ఇక్కడికి వచ్చిన పిల్ల. గ్రీన్‌కార్డు క్యూలో మా వంతు (ప్రయారిటీ డేట్) వచ్చేలోపు తనకు 21 నిండితే, మా మీద ఆధారపడి తనకు ఉన్న హెచ్4 వీసా పోతుంది, వేరే వీసా చూసుకోవాలి, లేదంటే దేశం వదలాలి. మేం భోజనాల దగ్గర మాట్లాడుకునేవన్నీ వింటూ, "నేను ఎక్కడి దాన్నీ కాదు" అని లోపల అనుకుంటోందట. అదొక్కటే కాదు. క్లాసులో పేరును కావాలని వంకరగా పలకడం, లంచ్‌బాక్స్ మీద మాటలు, మా వాట్సాప్ గ్రూపులో కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ పరీక్షలో ఎవరి పిల్లకు ఎంత వచ్చిందో నేను పైకి చదివి వినిపించడం, అన్నీ కలిశాయి. ఒక్క కారణం కోసం వెతకడం నేను మానేశాను.

2019లో అమెరికాలో 15–24 ఏళ్ళ ఆసియా సంతతి వాళ్ళ మరణాలకు మొదటి కారణం ఆత్మహత్యే. మన పిల్లలు బాగా చదువుతారు, గొడవ చేయరు, కాబట్టి టీచర్ల కంట పడరు. మా అమ్మాయికి ఆ క్వార్టర్‌లో కూడా అన్నీ 'ఏ' గ్రేడులే. నేనూ ఆ మార్కులే చూసి నిశ్చింతగా ఉన్నాను.

సేఫ్టీ ప్లాన్ అనే ఒక పేజీ కాగితం రాయించారు. ముందు ఎలాంటి గుర్తులు కనిపిస్తాయి, తనంతట తాను ఏం చేయగలదు, ఎవరి దగ్గర కాసేపు మనసు మళ్ళుతుంది, ఎవరిని సాయం అడుగుతుంది, ఏ నంబర్‌కు ఫోన్ చేస్తుంది, ఇంట్లో ఏవి తీసి దాచాలి. మొత్తం తన మాటల్లోనే. సాయం అడిగే వాళ్ళలో మొదట బెంగళూరులో ఉన్న మా ఆడపడుచు, తర్వాత నాయనమ్మ. నా పేరు లేదు. ఆ రాత్రి దాని గురించి తనను ఏమీ అడగలేదు. అడగకుండా ఉండటమే ఆ వారంలో నాకు అన్నిటికంటే కష్టమైంది.

పగలంతా ఇంట్లో ఉండేది అత్తయ్య కాబట్టి ఆవిడకూ ప్లాన్ తెలియాలి. ఆవిడకు ఇంగ్లీషు రాదు. స్కూల్లో మీటింగ్ పెట్టినప్పుడు, అమ్మాయే నాయనమ్మకు చెబుతుందిలే అన్నారు. వద్దన్నాను. ఈ మాటలు ఆ పిల్ల నోటితో అనువాదం చేయించడమేమిటి? ఇంటర్‌ప్రెటర్ (అనువాదం చేసేవాళ్ళు) కావాలని అడగండి, ఇంగ్లీషు సరిగా రాని తల్లిదండ్రులకైతే అది హక్కు, డబ్బు కట్టక్కర్లేదు. ఫోన్‌లో తెలుగావిడ వచ్చింది. మొదట "ఆత్మహత్యా భావన" అంటే అత్తయ్యకు అర్థం కాలేదు. "పాపకు చచ్చిపోవాలని అనిపిస్తోందండీ" అని చెప్పాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, మా ఇంట్లో ఎవరికీ తెలియని మాట చెప్పారు, ఆవిడ చెల్లెలు పదిహేడేళ్ళకే అలా పోయిందని. యాభై ఏళ్ళుగా గుండెజబ్బు అని చెప్పుకుంటున్నారు.

ఆ రాత్రే ఇండియా నుంచి తెచ్చుకున్న మందుల డబ్బా, అత్తయ్య బీపీ, షుగర్ మాత్రలు, అన్నీ తాళం పెట్టెలోకి వెళ్ళాయి. మన ఇళ్ళలో మందులు సూట్‌కేసుల్లో ఉంటాయి కదా, ముందు అవి సర్దండి.

థెరపిస్ట్ దొరకడానికి ఏడు వారాలు పట్టింది. ఒక క్లినిక్ వాళ్ళు ఒప్పుకుని, వెళ్ళే ముందు రోజు మా ఇన్సూరెన్స్ తమ దగ్గర చెల్లదన్నారు. ఆ మధ్యకాలమంతా మొబైల్ రెస్పాన్స్ వాళ్ళే వారం వారం వచ్చారు. స్కూల్లో 504 ప్లాన్ రాశారు, ఆరోగ్య సమస్య ఉన్న పిల్లలకు స్కూల్లో ఇచ్చే వెసులుబాట్ల కాగితం అది, దానికి ఆధారం 1973 నాటి చట్టం. పరీక్షకు ఎక్కువ సమయం, కారణం చెప్పకుండా క్లాసులోంచి లేచి కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళే వీలు. ఆ రెండోదే ఎక్కువ పనికొచ్చింది. ఇక్కడ ఉన్నవాళ్ళు ఇలాంటి ఆలోచనలు వస్తే ఎప్పుడైనా 988 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయొచ్చు, ఇంగ్లీషు రాకపోతే ఇంటర్‌ప్రెటర్‌ను కలుపుతారు. ఇండియాలో అయితే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్, 14416, తెలుగులోనూ మాట్లాడతారు.

ఇప్పటికీ కొన్ని రాత్రులు బాగుండవు. అడుగుతాను, అదే మాటలతో. ఒక్కోసారి "ఉంది" అంటుంది, అప్పుడు కాగితం తీసి ఇద్దరం చూస్తాం.

వచ్చే నెల మా అమ్మానాన్న వస్తున్నారు. మీ మందులు కూడా తాళం పెట్టెలోకే వెళ్తాయని ఫోన్‌లోనే చెప్పాను. ఎందుకే అని అమ్మ అడిగింది. మా అమ్మాయిని అడిగాను, చెప్పనా అని. చెప్పమంది. చెప్పాను.