సిటీలు, డిజాస్టర్ల మీద ఏ పుస్తకం కొనాలి?

ఈ టాపిక్ మీద అకడమిక్ పుస్తకాలు పేరు చూసి ఎంచుకోవడం అయ్యే పని కాదండీ. అన్నిటి మీదా అర్బన్, స్పేస్, రెసిలియన్స్ (దెబ్బ తిన్నాక తేరుకునే శక్తి) అనే మూడు మాటలే అటూ ఇటూ తిప్పి పెట్టుంటాయి, హార్డ్‌కవర్ రేట్లేమో కళ్ళు తిరిగేలా ఉంటాయి. నేను ముందు చూసేది ఒకటే: ఏ పేటలో ఎంతమంది పోయారు, పక్క పేటలో ఎందుకు పోలేదు అని ఈ పుస్తకం ఎక్కడైనా అడిగిందా లేదా.

ఎరిక్ క్లైనెన్‌బర్గ్ 'హీట్ వేవ్' (2002) మొత్తం నడిచేది ఆ ప్రశ్న మీదే. 1995 జులైలో షికాగోలో ఎండలకి మామూలుగా పోయేవాళ్ళ కంటే 700 మందికి పైగా ఎక్కువ పోయారు. నార్త్ లాండేల్, సౌత్ లాండేల్ పక్కపక్క పేటలే, రెండు చోట్లా పేదరికం ఉంది, ఒంటరిగా బతికే ముసలివాళ్ళూ ఉన్నారు, అయినా చావుల రేటు నార్త్‌లో లక్షకి 40, సౌత్‌లో 4. ఎక్కువమంది పోయిన వైపు ఖాళీ ప్లాట్లు, మూతపడ్డ షాపులు, గడప దాటాలంటే భయం. రెండో వైపు వీధి నిండా జనం, షాపులు, సందడి, కాబట్టి పెద్దవాళ్ళు కాసేపు ఏదో ఒక చల్లని షాపులోకి వెళ్ళి నిలబడగలిగారు. అర్బన్ స్పేస్ అంటే ఏంటో నాకు వంద పేజీల థియరీ కంటే ఈ ఒక్క పోలికతోనే ఎక్కువ అర్థమైంది.

దీని తర్వాత డేనియల్ ఆల్డ్రిచ్ 'బిల్డింగ్ రెసిలియన్స్' (2012). టోక్యో 1923 భూకంపం, కోబే 1995 భూకంపం, తమిళనాడు సునామీ, 2005 కత్రినా తుఫాను తర్వాత న్యూ ఆర్లియన్స్, నాలుగూ ఒకేచోట. మనుషుల మధ్య సంబంధాలు గట్టిగా ఉన్నచోట త్వరగా కోలుకుంటారు అనేది ఆయన వాదన. అంతే చెప్పి ఆపేసి ఉంటే నేను పెద్దగా పట్టించుకునేదాన్ని కాదు, కానీ అదే గట్టి సంబంధాలు కొందరిని బయటకి నెట్టేస్తాయని కూడా రాశాడు, తమిళనాడులో దళితులకి, వితంతువులకి సాయం సరిగ్గా అందకపోవడం అందులో ఉంది.

ఇరవై మంది తలా ఒక చాప్టర్ రాసే ఎడిటెడ్ వాల్యూమ్స్ మాత్రం లైబ్రరీలో తీసుకుంటే చాలు అని నా ఫీలింగ్, ఒక్క చాప్టర్ బాగుందని మొత్తం కొనడం దండగ. వేల్, కాంపనెల్లా తెచ్చిన 'ద రెసిలియంట్ సిటీ' (2005) కొంచెం నయం, కాకపోతే అది కత్రినా రాకముందే అచ్చయిపోయింది, ఆ తర్వాత జరిగిన చర్చేదీ అందులో దొరకదు. థీసిస్ రాసేవాళ్ళకి ఫ్రేమ్‌వర్క్ కావాలంటే 'ఎట్ రిస్క్' ఉంది, 2004 నాటి రెండో ఎడిషన్ చూడండి, ప్రమాదానికి మూలం ఎక్కడో దూరంగా డబ్బు, అధికారం ఉన్నచోట మొదలై ఇంటి గోడ దాకా ఎలా వస్తుందో మెట్లు మెట్లుగా చూపిస్తారు. చదవడానికి మాత్రం ఓపిక కావాలి!

ఒక్కటే కొనగలిగితే క్లైనెన్‌బర్గ్‌దే కొనండి, 2015లో కొత్త ముందుమాటతో రెండో ఎడిషన్ వచ్చింది, అది తీసుకోండి.