సైన్సు సారు అతికించిన ఫిల్ము

"సినిమావాడివి కదా, మన బడి పూర్వ విద్యార్థుల సమ్మేళనం సంచికకి నువ్వు రాయకపోతే ఎలా?" అని కమిటీ తరఫున మన లీడరు ఫోన్ చేశాడు. సినిమా గురించి రాయాలంటే నాకు సైన్సు సారు దగ్గరే మొదలవుతుంది.

తొమ్మిదో తరగతిలో, ప్రొజెక్టరు జీపు వచ్చిన రోజు. డాక్యుమెంటరీ సగంలో ఫిల్ము తెగింది. ఆపరేటరు టీకి వెళ్ళాడు. ఈలలు ఎవరివో మనకి తెలుసు. సారు లేచి, నలిగిన ముక్క కత్తిరించేసి, ఒక కొసని బ్లేడుతో గీకారు. బొమ్మ ఉండే మందు పొర పోయి ఫిల్ము అద్దంలా తేలింది. దానిమీద ఫిల్ము సిమెంటు (అతికించే జిగురు) రాసి, పక్క కన్నాలు సరిగ్గా కలిసేలా రెండో కొస ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కారు.

మళ్ళీ ఆడిస్తే బొమ్మ ఠక్కున గెంతింది. మాట మాత్రం ఇంకో సెకను పాతదే వినిపించి, అప్పుడు గెంతింది. "ఎందుకని?" అన్నారు. మన ఫస్ట్ ర్యాంకు కూడా నోరు విప్పలేదు. 16 ఎం.ఎం. ఫిల్ములో బొమ్మకంటే దాని శబ్దం 26 ఫ్రేములు ముందుంటుందట. సెకనుకి 24 ఫ్రేములు. అంటే అతుకు లెన్సు దాటాక సెకను పైచిలుకుకి గానీ శబ్దాన్ని చదివే సౌండు డ్రమ్ము మీదికి రాదు. చాక్‌పీసు అరిగిపోయేదాకా బొమ్మ గీసి చెప్పారు.

పదో తరగతి నాకు గుర్తే లేదు. మద్రాసులో ఎడిటింగు రూములో చేరాక, బొమ్మ మారినా పాత మాట సాగితే ఎల్ కట్, కొత్త మాట ముందే వినపడితే జె కట్ అని తెలిసింది. నేను మొదటిది బళ్ళోనే చూశానన్నమాట! అప్పట్లో డిజాల్వ్, అంటే ఒక బొమ్మ కరిగిపోతూ ఇంకో బొమ్మ తేలడం, కావాలంటే వర్క్ ప్రింటు (ఎడిటింగుకి వాడే నకలు) మీద గ్రీజు పెన్సిలుతో ఏటవాలుగా గీత గీసి ల్యాబుకి పంపాలి. రెండు సెకన్లంటే 35 ఎం.ఎం.లో మూడడుగులు. ఖర్చు కాబట్టి, కాలం గడిచిందని నిజంగా చెప్పాల్సి వస్తేనే అడిగేవాళ్ళం. ఇప్పుడు మౌసుతో లాగితే వచ్చేస్తుందని ప్రతి చోటా పెడుతున్నారు, నాకది నచ్చదు. ఇద్దరు మాట్లాడుకునే సీనులో వినేవాడి ముఖం ఎప్పుడు చూపాలో తెలిస్తే మామూలు కట్ ఒక్కటే చాలు.

హైదరాబాదులో ఇప్పుడు నాకు సొంత ఎడిటింగు గది ఉంది. నా దగ్గర నేర్చుకున్న పిల్లల పేర్లు టైటిల్స్‌లో పడుతుంటే కడుపు నిండుతుంది. కొత్తగా ఎవరు చేరినా ముందు సారు అతుకు సంగతే చెబుతాను.

సమ్మేళనం వీడియో ఎడిటింగు నాది. ఫోన్లు అడ్డంగా పట్టుకుని తీయండి. సారు మాట్లాడినంతసేపూ ఒక కెమెరా ఆయన మీదే ఉండాలి, ఇంకొకటి వెనక బెంచీ వాళ్ళ ముఖాల మీద. ఆయన గొంతు ఆ ముఖాల మీద సాగాలి. పేజీ తిప్పే ట్రాన్సిషన్లు అడగొద్దు, పెట్టను. క్లిప్పులు పెన్‌డ్రైవులో ఇవ్వండి, వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్వాలిటీ పోతుంది.