ప్రయోగశాలలో డిగ్రీ విద్యార్థి సహాయకులు

అమెరికాలోని పెద్ద విశ్వవిద్యాలయాల్లో మొదటి సంవత్సరం రసాయనశాస్త్ర ప్రయోగశాలను ఎక్కువగా నడిపేది ప్రొఫెసర్లు కారు, పీహెచ్‌డీ చేస్తున్న టీచింగ్ అసిస్టెంట్లు. వారికి తోడుగా, అదే కోర్సును ఏడాది రెండేళ్ల క్రితం పూర్తిచేసిన డిగ్రీ విద్యార్థులను కూడా చాలాచోట్ల నియమిస్తారు. అటువంటి ప్రయోగశాలలను పర్యవేక్షించే ఉద్యోగంలో ఉన్న నేను ఈ విద్యార్థి సహాయకులను దగ్గరగా చూస్తున్నాను. వారిని చవకగా దొరికిన అదనపు చేతులుగా భావించే ధోరణి నన్ను బాధిస్తుంది. పీహెచ్‌డీ విద్యార్థి ఎప్పుడో మరచిపోయిన తికమకను వీరు ఇంకా మరచిపోలేదు, వీరి విలువంతా అక్కడే ఉంది.

ఒక ద్రావణంలో ఆమ్లం ఎంత ఉందో, దానికి క్షారాన్ని కొలిచి కలుపుతూ కనుక్కునే టైట్రేషన్‌నే తీసుకోండి. ఆమ్ల ద్రావణంలో రంగు మార్పును చూపే ఫినాల్ఫ్తలీన్ వేసి, బ్యూరెట్ అనే కొలత గాజు గొట్టం నుంచి సోడియం హైడ్రాక్సైడ్ అనే క్షారాన్ని చుక్కచుక్కగా కలుపుతూ పోతే, లేత గులాబీ రంగు వచ్చి అర నిమిషం పాటు నిలిచినప్పుడు అంతిమ బిందువు, అంటే కలపడం ఆపాల్సిన చోటు, చేరినట్టు లెక్క. అయితే ఆ ద్రావణం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకోవడం వల్ల కొంతసేపటికి ఆ రంగు తనంతట తానే వెలిసిపోతుంది. అది చూసిన కొత్త విద్యార్థి, క్షారం చాలలేదనుకుని మరికొన్ని చుక్కలు వేసి, రీడింగును పాడుచేసుకుంటాడు. అనుభవజ్ఞుడైన అధ్యాపకుడు ఆ రీడింగును చూసి ‘ఎక్కువ కలిపావు’ అని ముందుకు సాగిపోవచ్చు. నిరుడు అదే బల్ల దగ్గర అలాగే తికమకపడిన సహాయకురాలు మాత్రం, ‘రంగు మొదటిసారి నిలిచింది ఎప్పుడు? ఆ తరువాత ఎంతసేపు ఆగావు?’ అని అడుగుతుంది. ఆ రెండు ప్రశ్నలతోనే విద్యార్థి తన పొరపాటును తానే పట్టుకుంటాడు.

కానీ ఇలా అడగడం ఎవరికీ పుట్టుకతో రాదు. తెలిసిన జవాబును వెంటనే చెప్పేయాలనిపించడం, పక్కవాడి చేతిలోని బ్యూరెట్‌ను తీసుకుని తానే తిప్పేయడం మంచి విద్యార్థులకు సహజం. అందుకే బౌల్డర్‌లోని కొలరాడో విశ్వవిద్యాలయం 2003లో మొదలుపెట్టిన లెర్నింగ్ అసిస్టెంట్ కార్యక్రమం నాకు ఆదర్శంగా కనిపిస్తుంది. అక్కడ సహాయకులు ప్రతివారం అధ్యాపకుడితో కూర్చుని రాబోయే పాఠాన్ని సిద్ధం చేసుకోవడమే కాక, కొత్తగా చేరినవారు బోధనాశాస్త్రంలో ఒక కోర్సు కూడా చదువుతారు. సైన్సు బాగా చదివే విద్యార్థులను పాఠశాల ఉపాధ్యాయ వృత్తి వైపు ఆకర్షించడం కూడా ఆ కార్యక్రమ లక్ష్యాల్లో ఒకటి. ఈ శిక్షణ ఏదీ లేకుండా, సెమిస్టరు మొదటి వారంలో ఒక కోటు, ఒక జత గాగుల్స్ చేతికిచ్చి లోపలికి పంపడం ఆ సహాయకుడికీ, అతని ముందున్న విద్యార్థులకూ అన్యాయమే.

మన తెలుగు రాష్ట్రాల నుంచి ఇంటర్మీడియట్ తరువాత నేరుగా ఇక్కడికి వచ్చే పిల్లల్లో కొందరు, ప్రయోగం మొదలుపెట్టకముందే ‘విలువ ఎంత రావాలి?’ అని అడగడం విన్నాను. సరైన విలువ ముందే తెలిసి, దానికి తగినట్టు రికార్డు రాసే అలవాటు అంత త్వరగా పోదు. ఆ మాట ప్రొఫెసర్‌తో అనడానికి వారు జంకుతారు, తమకంటే ఏడాది పెద్దవారితో జంకు లేకుండా అంటారు. ఆ పిల్లలే మరుసటి ఏడాది సహాయకులుగా దరఖాస్తు చేస్తే నేను ఎంతో సంతోషిస్తాను. ఎఫ్-1 అనే విద్యార్థి వీసాపై ఉన్నవారు తరగతులు జరిగే కాలంలో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయరాదు కనుక, ఇతర ఉద్యోగాలు ఉన్నవారు ఆ గంటలను కూడా లెక్కలో పెట్టుకోవాలి.

ఇక మార్కుల విషయంలో నా అభిప్రాయం స్థిరమైనది. సహాయకులు తమ తోటివారి లాబ్ రిపోర్టులకు మార్కులు వేయకూడదు. ఒకే హాస్టల్లో ఉండి, ఒకే బల్ల మీద భోజనం చేసేవారి మధ్య ఆ అధికారం చేరితే, తెలియదని ధైర్యంగా చెప్పుకునే చనువు పోతుంది. ఆమ్లాలు ఒలికినప్పుడు, గాజు పగిలినప్పుడు నిర్ణయం తీసుకునే బాధ్యతను కూడా వారి మీద ఒంటరిగా వదలకూడదు. ఆ గదిలో జీతం తీసుకునే పెద్దవారు ఒకరు ఎప్పుడూ ఉండాలి. సహాయకుల పనికి జీతం బదులు, డిగ్రీలో లెక్కకు వచ్చే క్రెడిట్లు ఇస్తే సరిపోతుందని కొన్ని విభాగాలు అంటాయి. ఇంటి నుంచి డబ్బు రాని విద్యార్థి క్రెడిట్ల కోసం ఆ గంటలను వదులుకోలేడు కనుక, వేతనమే ఇవ్వాలని నేను మా విభాగంలో ప్రతి ఏటా కోరుతున్నాను.