ఘాట్ రోడ్డులో వినిపించిన 'టక్'

శృంగవరపుకోట దాటి మోటార్ సైకిల్ మీద అరకు ఘాట్ ఎక్కుతుంటే మొదటిసారి గమనించాను. మలుపు ముందు థ్రాటిల్ వదిలి, తిరిగాక మళ్లీ ఇస్తే చాలు, వెనక చక్రం దగ్గర 'టక్' మంటోంది. పెద్ద శబ్దమేం కాదు, పక్కనుంచి లారీ వెళ్తే అసలు వినబడదు, కానీ కాలికి తెలుస్తోంది.

కూర్మన్నపాలెంలో తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరాను. గాజువాక, ఎన్ఏడీ కొత్తరోడ్డు, గోపాలపట్నం, పెందుర్తి అన్నీ చీకట్లోనే అయిపోయాయి, కొత్తవలస దగ్గర తెల్లారింది. ఆ రోజు అరకు, మర్నాడు పాడేరు మీదుగా లంబసింగి, అక్కణ్నుంచి నర్సీపట్నం దిగి అనకాపల్లి మీదుగా ఇంటికి, ఇదీ ప్లాను. డిసెంబరు మొదటి వారం కదా, వలిసె పూలు ఇంకా ఉంటాయని ఆశ.

తైడా దగ్గర ఆపి సెంటర్ స్టాండ్ వేశాను. గేర్లో పెట్టి వెనక చక్రాన్ని చేత్తో ముందుకీ వెనక్కీ ఆడించి చూశాను. నాది చైన్ బదులు ఉక్కు కడ్డీతో, అంటే షాఫ్ట్‌తో నడిచే బండి. ఏ షాఫ్ట్ బండికైనా అక్కడ కొంత ఆట, అంటే వదులు, ఉంటుంది, గేర్‌బాక్సులో పళ్ల మధ్య ఖాళీ, వెనక శక్తిని చక్రం వైపు మళ్లించే బెవెల్ గేర్ల మధ్య ఖాళీ అన్నీ కలిసి చక్రం దగ్గర బయటపడతాయి. కానీ నా బండికి ఎంత ఉండేదో నాకు తెలుసు. ఇప్పుడు దాదాపు రెట్టింపు ఉంది. టెన్షన్ పట్టుకుంది.

చైన్ బండ్లు నడిపేవాళ్లకి ఈ సంగతి కాస్త చెప్పాలి. షాఫ్ట్ బండిలో ఇంజన్ శక్తి చైన్ బదులు, వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే స్వింగ్ ఆర్మ్ లోపల తిరిగే ఉక్కు కడ్డీ ద్వారా చక్రానికి వెళ్తుంది. ఆ కడ్డీ చివర చుట్టూ పొడుగ్గా పళ్లు కోసి ఉంటాయి, అవే స్ప్లైన్లు, లోపలివైపు పళ్లున్న కప్లింగులోకి అవి దూరి కూర్చుంటాయి. చక్రం గుంటల్లో పైకీ కిందకీ ఊగినప్పుడల్లా కడ్డీ ఆ కప్లింగులో కొద్దిగా జరుగుతూ ఉంటుంది, అదీ ఇంజన్ లాగే బలమంతా మోస్తూ. ఆ ఒత్తిడికి గ్రీజు పక్కలకి తప్పుకుంటుంది, తర్వాత ఇనుమూ ఇనుమూ రాసుకోవడమే. చైన్ ఎండిపోతే కంటికి కనబడుతుంది, ఇది మాత్రం మూసిన గొట్టంలో జరిగేది, విప్పితే తప్ప తెలీదు.

మధ్యలో ఆగిపోతే ట్రాలీ ఆటో వెతుక్కోవాల్సిన చోటు అది. నెమ్మదిగా, థ్రాటిల్ ఒకేలా పట్టుకుని అనంతగిరి ఎక్కాను. గాలికొండ వ్యూపాయింట్ దగ్గర లోయ నిండా మంచు, సిల్వర్ ఓక్ చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు, వాటి నీడన ఎర్రబడిన కాఫీ పళ్లు, అన్నీ చూశాను గానీ చెవి మాత్రం వెనక చక్రం దగ్గరే ఉంది. అరకులో రాత్రి ఉండి, లంబసింగి మానుకుని, పొద్దున్నే అదే దారిన వెనక్కి దిగిపోయాను. దిగేటప్పుడు థ్రాటిల్ వదిలితే ఇంజనే బండిని పట్టి ఆపుతుంది, ఆ ఇంజన్ బ్రేకింగ్ బరువు కూడా ఆ పళ్ల మీదే పడుతుంది, అందుకని బ్రేకులే ఎక్కువ వాడాను, మధ్యమధ్యలో ఆగి వాటిని చల్లారనిచ్చాను. వలిసె చేలు పసుపు రంగులో మెరిసిపోతున్నాయి, ఒక్క ఫొటో కూడా తియ్యలేదు.

మా పక్కింటి మావయ్యగారు స్టీల్ ప్లాంటులో రోలింగ్ మిల్లు ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. చక్రం ఒకసారి అటూ ఇటూ తిప్పి, "ఏటల్లుడూ, దీనికి గ్రీజెప్పుడు పెట్టారు?" అన్నారు. పోయిన ఏడాది టైరు మార్పించినప్పుడు పెట్టే ఉంటారనుకున్నాను. "మిల్లులో స్పిండిల్ కప్లింగులూ ఇలాటివే. గ్రీజు లేకపోతే పళ్లు తినేస్తాయి" అన్నారు.

ఆదివారం ఇద్దరం విప్పాం. సైలెన్సరు, చక్రం తీసి, వెనక బెవెల్ గేర్లుండే డబ్బా, అంటే ఫైనల్ డ్రైవ్‌లో ఆయిల్ వంపేసి, నాలుగు నట్లు విప్పి వెనక్కి లాగితే షాఫ్ట్ దానితోపాటే వచ్చింది. పళ్ల మీద గ్రీజు చుక్క లేదు. కుంకుమలా ఎర్రటి పొడి. నీళ్ల తుప్పు ఒక్కటే కాదది, ఒత్తిడిలో ఇనుము సన్నగా రాసుకుని అరిగిన పొడి కూడా. టైరు వేసినచోట చక్రం తీసి అలాగే బిగించేశారు, చక్రం హబ్‌లోని స్ప్లైన్లు కూడా పొడిగానే ఉన్నాయి. చాలా బాధనిపించింది.

డీజిల్లో ముంచిన టూత్ బ్రష్‌తో ప్రతి పన్నూ తోమి తుడిచాం. మావయ్యగారు గోటితో ఒక్కో పన్ను అంచూ తడిమి చూశారు. పన్ను పైభాగం చదునుగా ఉంటే ఫరవాలేదు, రంపం పన్నులా మొన తేలితే షాఫ్ట్ మార్చాల్సిందే. మావి అంచు కాస్త అరిగాయి గానీ మొన తేలలేదు.

ఇక్కడ మామూలు బేరింగు గ్రీజు పనికిరాదు. ఆటోనగర్‌లో బేరింగులమ్మే షాపులో మాలిబ్డినం డైసల్ఫైడ్ ఎక్కువపాళ్లలో ఉండే పేస్టు దొరికింది. ఇది గ్రాఫైటులా పొరలు పొరలుగా ఉండే పదార్థం, పైనున్న నూనె పోయినా ఆ పొరలు లోహాన్ని అంటిపెట్టుకుని జారనిస్తాయి. బ్రష్‌తో పళ్ల సందుల్లోకి పల్చగా పూశాం. కూరితే మంచిదనుకోకండి, ఎక్కువైంది అంతా విసిరికొట్టుకుపోతుంది.

బిగించడంలో మావయ్యగారు చెప్పిన ఒక వరస నాకు ముందు తెలీదు. ఫైనల్ డ్రైవ్ నట్లు వేళ్లతో పెట్టి వదిలెయ్యాలి, చక్రం ఎక్కించి యాక్సిల్‌ని చెప్పినంత బిగువుకి (టార్కుకి) బిగించాకే ఆ నాలుగూ బిగించాలి. లేకపోతే డ్రైవ్ ఒక పక్కకి ఒరిగి కూర్చుని స్ప్లైన్లని మళ్లీ తినేస్తుంది. షాఫ్ట్ కప్లింగులోకి దూరకపోతే బలవంతంగా కొట్టకూడదు, గేర్లో పెట్టి డ్రైవ్‌ను చేత్తో మెల్లిగా తిప్పితే దానంతటదే కూర్చుంటుంది. ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు ఓ-రింగు కొత్తది వేసి, 80డబ్ల్యూ-90 హైపాయిడ్ గేర్ ఆయిల్ పోశాం.

మరుసటి శనివారం మళ్లీ అదే టైముకి బయల్దేరాను. అనంతగిరి మలుపుల్లో కావాలనే థ్రాటిల్ వదిలి వదిలి ఇచ్చాను. అరిగిన పళ్లు కదా, ఆట పూర్తిగా పోలేదు, కానీ ఆ 'టక్' పోయింది. అరకు, పాడేరు, చింతపల్లి. మర్నాడు లంబసింగిలో పొద్దున ఆరింటికి పది అడుగుల దూరంలో మనిషి కనబడనంత మంచు, టీ గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను.

ఇంటికొచ్చేసరికి మావయ్యగారు గేటు దగ్గరే ఉన్నారు. కాఫీ పొడి పొట్లం చేతికిస్తుంటే, "ముందు స్టాండెయ్యి" అని వంగి వెనక చక్రం పట్టుకున్నారు.