కొనకుండా వచ్చిన విల్లు

ఆదివారం, విజయనగరం. రాత్రి పది దాటింది.

మేనల్లుడికి పదో తరగతి పరీక్షలు అయిపోయి మూడు వారాలైంది. ఈ మూడు వారాలూ వాడు ఫోనులో చూసినవన్నీ అమెరికా అడవుల్లో చెట్టెక్కి కూర్చుని విల్లుతో జింకలను కొట్టేవాళ్ల వీడియోలేనని ఈ ఉదయం తెలిసింది. మా అక్క కాఫీ గ్లాసు చేతికిస్తూ, "సైన్సు మాష్టారివి కదా, ఆ విల్లేదో నువ్వే చూసి కొనిపెట్టు, ఇల్లు పీకి పందిరేస్తన్నాడు" అని బాధ్యత నా మీదికి నెట్టేసింది. వాడు అప్పటికే ఒకటి ఎంచి ఉంచాడు. అది చివర్లలో కప్పీల్లాంటి చక్రాలున్న కాంపౌండ్ విల్లు, లాగుడు బరువు, అంటే నారిని లాగడానికి పట్టే బలం, 70 పౌండ్లు. "ఏటి మావయ్యా, బాగులేదా?" అని అడిగాడు. డెబ్బై పౌండ్లంటే సుమారు 32 కిలోలు. వంటింట్లో నిండుగా ఉన్న గ్యాసు సిలిండరును చూపించి, దాన్ని రెండు వేళ్లకో మూడు వేళ్లకో తగిలించుకుని గడ్డం దాకా లాగగలవా అని అడిగితే, పూర్తిగా లాగాక ఆ చక్రాలు తిరిగి బరువులో మూడొంతులు తగ్గిస్తాయని వాడు నాకే పాఠం చెప్పాడు. చెప్పినది నిజమే, కానీ ఆ తగ్గేచోటికి చేరేలోపు మొత్తం బరువును ఒకసారి దాటాల్సిందేనన్న సంగతిని ఆ వీడియోలు చెప్పినట్టు లేవు.

అంతటితో వాడు ఊరుకోలేదు. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు గెలిచింది కాంపౌండ్ విల్లుతోనే కదా అన్నాడు. గెలిచిందన్నాను. అయితే పోటీల్లో ఆ విల్లు 60 పౌండ్లు దాటకూడదన్న నియమం ఉందనీ, అక్కడ గురి 50 మీటర్ల దూరంలో ఉన్న కాగితపు వలయాలేనని కూడా చెప్పాను.

వేట సంగతి మాత్రం అప్పుడే తేల్చేశాను. అమెరికాలో వేట కాలాలూ, అనుమతి పత్రాలూ ఉంటాయి. జింక వేటకు విల్లు కనీసం 40 పౌండ్లు ఉండాలని కొన్ని రాష్ట్రాలు నియమం కూడా పెట్టాయి, ఎందుకంటే బలం చాలని బాణం జంతువును చంపకుండా గాయపరిచి వదిలేస్తుంది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది, వేటకు ప్రయత్నించడాన్ని కూడా వేటగానే లెక్కిస్తుంది. కిందటేడు టెక్కలి వెళ్లినప్పుడు తేలినీలాపురంలో చెట్ల మీద గూళ్లు కట్టుకున్న పెలికాన్లను చూసి గంటసేపు కదలని పిల్లవాడు వీడే, కనుక ఈ విషయంలో నేను ఎక్కువ మాట్లాడవలసిన పని లేకపోయింది. "అయితే దేన్ని కొట్టాలి?" అంటే, వరిగడ్డిని బిగించి కట్టిన మోపునన్నాను. ముఖం చిన్నబుచ్చుకున్నాడు గానీ, టేపు తెమ్మంటే తెచ్చాడు.

కొలత చాలా సులువు. రెండు చేతులూ బార చాపి గోడకు ఆనుకుని నిలబడితే, ఒక నడివేలి కొస నుంచి రెండో నడివేలి కొస దాకా ఉన్న పొడవును రెండున్నరతో భాగిస్తే వాడు నారిని ఎంత దూరం లాగుతాడో ఇంచుమించుగా తెలుస్తుంది. వాడి బార 163 సెంటీమీటర్లు, అంటే 64 అంగుళాల పైచిలుకు. లాగుడు పొడవు దాదాపు ఇరవై ఐదున్నర అంగుళాలు వచ్చింది. దానికి 66 అంగుళాల రికర్వ్ విల్లు, అంటే చక్రాలు లేకుండా కొసలు ముందుకు వంగి ఉండేది, సరిపోతుంది. రికర్వ్ విల్లు మీద రాసే పౌండ్లు 28 అంగుళాలు లాగినప్పటి లెక్క కాబట్టి, అంతకంటే తక్కువ లాగేవాడికి అంగుళానికి ఒకటి రెండు పౌండ్ల చొప్పున బరువు తగ్గుతుంది. 20 పౌండ్లని రాసి ఉన్నది వీడి చేతిలో 15, 18 మధ్య ఉంటుంది, మొదటి ఆరు నెలలకు అది చాలు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నా భుజమే. కొన్నేళ్ల కిందట ఎవరినీ అడగకుండా, ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు మాట నమ్మి 36 పౌండ్ల విల్లు తెప్పించుకున్నాను. గడ్డం కింద నారిని ఆనించి మూడు సెకన్లు కూడా నిలపలేక, ఆ వణుకు బయటపడకూడదని గబుక్కున వదిలేసేవాణ్ణి. ఆ తొందరపాటు అలవాటుగా మారింది, భుజం పట్టేసింది, నారి కొట్టుకుని ఎడమ ముంజేయి పండిన నేరేడు పండులా కమిలింది. చివరికి ఒక సాయంత్రం స్నేహితుల ముందు దర్జాగా బాణం లేకుండానే నారిని లాగి వదిలాను. బాణం తీసుకుపోవాల్సిన శక్తి అంతా విల్లులోనే మిగిలిపోయి పై రెక్క నిలువునా చీలింది. శక్తి నిత్యత్వ నియమాన్ని పిల్లలకు పాతికేళ్లుగా చెబుతున్నవాణ్ణి నేను. ఆ రెక్క ఇప్పటికీ మా అటకమీద ఉంది. ఈ రోజు దించి వాడికి చూపించాను. నా మాటలన్నింటికంటే ఆ చీలికే ఎక్కువ పనిచేసింది.

పొద్దున్న పది గంటలకు గంటస్తంభం వైపు ఉన్న క్రీడా సామగ్రి దుకాణానికి వెళ్లాం. అక్కడ మూడు ముక్కలుగా విడదీసే చెక్క రికర్వ్ విల్లు ఒకటి దొరికింది. నడిమి పిడి ఒక ముక్క, రెక్కలు రెండు. ఇలాంటిదే కొనాలని నా పట్టుదల, ఎందుకంటే పిల్లవాడికి బలం వచ్చాక రెక్కలు మాత్రం మార్చుకుంటే సరిపోతుంది, విల్లంతా మళ్లీ కొననక్కరలేదు. సీతంపేట ఏజెన్సీలో ఒక సవర పెద్దాయన ఇంట్లో వెదురు విల్లు చూశాను; పని లేనప్పుడు ఆయన దాని నారిని ఒక పక్క విప్పి గోడకు ఆనించేవాడు. దుకాణదారు మాత్రం చెక్క విల్లును నారి ఎక్కించి ఏడాదిగా మేకుకు వేలాడదీశాడు, అది నాకు నచ్చలేదు. పెట్టెలో కొత్తది ఉందని లోపలికి వెళ్లాడు.

ఆయన వచ్చేలోపు ఊరికే ఉండలేక, మెట్ల మీద నిలబెట్టి వాడి కళ్లు పరీక్షించాను. రెండు అరచేతులూ చాపి, బొటనవేళ్ల మధ్య చిన్న త్రికోణం వదిలి, అందులోంచి స్తంభం మీది గడియారాన్ని చూడమన్నాను. ఎడమ కన్ను మూయగానే గడియారం కనబడటం లేదన్నాడు. కుడి కన్ను మూస్తే ఉన్నచోటే ఉందన్నాడు. మూడుసార్లు చేయించాను, మూడుసార్లూ అదే. వాడు రాసేదీ తినేదీ కుడిచేత్తో, గురి పట్టేది మాత్రం ఎడమ కన్ను. ఒక కన్ను మూసుకునో, కంటికి పట్టీ పెట్టుకునో కుడివాటంగానే వేసేవాళ్లూ ఉన్నారు గానీ, ఇంకా ఏ అలవాటూ పడని పిల్లవాడు కంటిని అనుసరించడమే మేలని నా ఉద్దేశం. అంటే విల్లు కుడిచేతిలో ఉండాలి, నారిని ఎడమచేయి లాగాలి. సవ్యసాచి అని పిలిస్తే మురిసిపోయాడు.

దుకాణదారు తెచ్చిన పెట్టెలోనిది కుడివాటం పిడి. రెక్కలు ఎవరికైనా సరిపోతాయి, పిడిలో బాణం కోసం కోసిన గాడి మాత్రం ఒక పక్కకే ఉంటుంది. "అబ్బాయి సర్దుకుంటాడు సార్" అన్నాడాయన, పదిశాతం తగ్గిస్తానని కూడా అన్నాడు. నేను సర్దుకోనన్నాను. ఎడమవాటం పిడి తెప్పించడానికి పదిహేను రోజులు పడుతుందట, బయానా ఇచ్చాను. వేళ్లకు తొడిగే తోలు ట్యాబు కూడా చేతివాటాన్ని బట్టే ఉంటుంది కాబట్టి అదీ ఆగింది. నారి ఎక్కించే తాడు మరిచిపోవద్దని చెప్పాను. దాన్ని వాడకుండా కాలితో వంచి ఎక్కించి రెక్కలు మెలిపెట్టుకున్నవాళ్లను చూశాను. బాణాలు ఎనిమిది చాలు, లాగుడు పొడవు కంటే రెండు అంగుళాలు ఎక్కువ ఉండాలి, పొట్టివైతే మొన వెనక్కి జారి చేతిలో దిగుతుంది. కార్బన్ బాణాన్ని ప్రతిసారీ మెల్లగా వంచి పగులు ఉందేమో చూడాలన్న నియమాన్ని వాడి చేతే రెండుసార్లు చెప్పించాను.

ముంజేతి పట్టీ ఏ వాటానికైనా సరిపోతుంది, దాన్ని మాత్రం కొన్నాను. సాయంత్రం డాబా మీద సాగే రబ్బరు పట్టీతో లాగుడు సాధన చేయించాను, ఎడమచేయి పది లాగుళ్లకే వణికింది. విల్లు వచ్చాక డాబా మీద బాణం ఎక్కుపెట్టకూడదని, ఖాళీ స్థలంలో గడ్డిమోపు వెనక మట్టిగట్టు ఉన్నచోటే వేయాలని మాట తీసుకున్నాను.

రాత్రి భోజనానికి ఆ పట్టీ కట్టుకునే కూర్చున్నాడు. విల్లు పట్టేది కుడిచెయ్యి గనుక పట్టీ కుడి ముంజేతికే ఉంది, చారన్నం కలుపుకుంటే దాని అంచు తడిసింది. "అన్నం తిన్నప్పుడైనా ఇప్పరా!" అని అక్క కసిరితే, "అలవాటవ్వాలమ్మా" అని మజ్జిగ గ్లాసు ఎడమచేత్తో అందుకున్నాడు.