ఆవగింజలో తోక కనిపించిన సాయంత్రం

ఎమ్మెస్సీ రెండో సంవత్సరంలో నాకొచ్చిన సెమినార్ టాపిక్ మొక్కల పిండం ఎదుగుదలలో ప్రొటీన్ కైనేజ్‌ల పాత్ర. కైనేజ్ అంటే కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి ఫాస్ఫేట్ తీసి ఇంకో ప్రొటీన్‌కి తగిలించే ఎంజైమ్. అంతవరకు నోటికొచ్చు. యోడా అనే కైనేజ్ ఎంకేకే4, 5 అనే కైనేజ్‌లను, అవి ఎంపీకే3, 6 అనే ఇంకో రెంటిని ఉత్తేజపరుస్తాయని బాణాలు గీసుకుని బట్టీ పట్టాను. రెండు రోజులకే అంతా కలగాపులగం. టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు.

ఈ పరిశోధన జరిగిన అరాబిడాప్సిస్ అనే చిన్న మొక్క ఆవ కుటుంబానిదే. మరి నెల్లూరులో మా మిద్దె మీద ఆవాలు మొలవ్వా? వానలు తగ్గాక అమ్మ పోపులడబ్బాలోంచి గుప్పెడు తీసి కుండీల్లో చల్లాను. సంక్రాంతి దాటాక పూత, వెనకే కాయలు.

లేత కాయని బ్లేడుతో నిలువునా చీల్చి, లోపలి పచ్చి గింజల్ని కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్) ద్రావణం చుక్కలో కాసేపు ఉంచి, సూదులతో నొక్కాలి. గట్టిగా నొక్కితే పిండం చితికిపోతుంది, మెల్లగా నొక్కితే బయటికే రాదు. మొదటిరోజు ఒక్కటీ దక్కలేదు. మర్నాడు సాయంత్రం మైక్రోస్కోప్‌లో ఓ గింజ తొక్క పక్కన చిన్న బంతి కనిపించింది. దాని కింద ఒకదాని మీద ఒకటి పేర్చిన గాజుగ్లాసుల్లా ఒకే వరస కణాలు. సస్పెన్సర్, అంటే పిండం తోక! చాలాసేపు కన్ను తీయలేకపోయాను.

అప్పుడు అర్థమైంది. సంయుక్తబీజం, అంటే ఫలదీకరణతో ఏర్పడే తొలి కణం, ముందు పొడుగ్గా సాగి, తర్వాత హెచ్చుతగ్గుగా రెండుగా చీలుతుంది. పైనున్న చిన్న కణం నుంచి దాదాపు పిండమంతా, కింది పొడుగు కణం నుంచి ఈ తోక. యోడా పనిచేయని మొక్కల్లో సంయుక్తబీజం సాగదు, తోక సరిగా ఏర్పడదు. 2004లో తేలిన సంగతిది. యోడా అదుపు తప్పి పనిచేస్తే తోకే పెరుగుతుంది, పిండం వెనకబడిపోతుంది. నేను బట్టీ పట్టిన బాణాలన్నీ ఈ తోక కోసమే.

2009లో బయటపడింది ఇంకా బాగుంటుంది. యోడాని మేల్కొలిపే షార్ట్ సస్పెన్సర్ అనే ప్రొటీన్‌కి కావాల్సిన ఆర్ఎన్ఏ, అంటే దాని తయారీ సూచనలున్న అణువు, పుప్పొడిలోని పురుషబీజకణాల్లో తయారవుతుంది. ప్రొటీన్‌గా మారేది మాత్రం ఫలదీకరణ జరిగాకే. అమ్మకి చెబితే, "అయితే నాన్న రాసిన చీటీ, అమ్మ ఇంట్లోకి వచ్చాకే విప్పి చదువుతారన్నమాట" అంది. నా నోట్సులో అంత సూటిగా ఎక్కడా లేదు.

సెమినార్‌లో బోర్డు మీద ముందు బంతీ తోకా గీశాను. బాణాలు తర్వాత. వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి, ఆ తోక చివరికి ఏమవుతుందక్కా అని అడిగింది. పిండానికి ఆహారం అందించి, గింజ ముదిరేలోగా చచ్చిపోతుందని చెప్పాను.